ఒక్కటి పట్టుకో, బిడ్డా

కూర్చో బిడ్డా. చెప్పులు అక్కడ విడిచి లోపలికి రా. గడప మీద నిలబడి మాట్లాడితే చలి మొత్తం ఇంట్లోకి వస్తుంది, మాట మాత్రం సగమే చెవిలో పడుతుంది. రైలు పోతుందని భయమా? పోతే ఇంకోటి వస్తుంది. ఇది బోయిగూడ. పక్కనున్న సికింద్రాబాద్ స్టేషన్‌కి 1874లో రైలు వచ్చింది, అప్పటినుంచి ఈ కూతలు ఆగిందే లేదు. ఐదు నిమిషాలు కూర్చుంటే నీకేం తక్కువ కాదు.

"నాయనమ్మా, చలికాలం సాయంత్రాలు ఇంట్లోనే ఉండి ఏదైనా నేర్చుకుంటాను, ఏం నేర్చుకోమంటావు?" అని మొన్న అడిగావు. ఎంత మంచి మాట అడిగావో నీకు తెలియదు. నా కడుపు నిండిపోయింది. కానీ నేను జవాబు చెప్పేలోపే ఫోన్ తీశావు. ఊలు, సూదులు, రంగులు, కుంచెలు, కొవ్వొత్తులు చేసుకునే మైనం... వరసగా ఏడెనిమిది చూపించావు. రెండింటికి అప్పటికే డబ్బు కూడా కట్టేశావు. అక్కడే నా గుండెలో రాయి పడింది.

నీ మనసు మంచిదే. ఆ తొందరే నన్ను భయపెట్టేది. అందుకే కూర్చోబెట్టాను. నేను చెప్పేది ఒక్కటే ముక్క. ఒక్కటి పట్టుకో. చిన్నది పట్టుకో. సంక్రాంతి దాకా దాన్ని వదలకు. ఇంతే. కానీ ఇంతే అని చెప్పి పంపిస్తే గల్లీ మలుపు తిరిగేలోపు మర్చిపోతావు. అందుకని కాస్త నిదానంగా చెప్తాను, విను.

మన దగ్గర చలి ఎన్నాళ్ళని? కార్తీకం వెళ్ళాక పట్టుకుంటుంది, శివరాత్రికి శివశివా అని వెళ్ళిపోతుంది. కొండల్లో ఉన్నవాళ్ళలాగా నెలల తరబడి తలుపులు మూసుకునే రాత కాదు మనది. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటలే. జూన్‌లో అదే 13 దాటుతుంది. అంటే రోజుకు రెండు గంటల చీకటి మనకు అదనంగా వస్తుంది. ఐదు ముప్పావుకల్లా సూర్యుడు కుంకుతాడు. ఆ చీకటి పడ్డాక ఉండే పొద్దే చలికాలం నీ చేతిలో పెట్టే సొమ్ము. దాన్ని నువ్వు దుప్పట్లో దూరి ఫోన్ వెలుతురులో ఖర్చు పెట్టేస్తున్నావు. రాత్రి పదకొండైనా నిద్ర రాదు, పొద్దున ఏడైనా మెలకువ రాదు. నిన్ను తిట్టడం లేదు బిడ్డా. పగలంతా ఆఫీసులో తల వేడెక్కి వస్తావు, దాన్ని చల్లార్చుకునే దారి తెలియక ఆ ఫోన్ పట్టుకుంటావు. తల చల్లారాలంటే చేతికి పని పెట్టాలి. ఇది నాకు మా అత్తమ్మ నేర్పింది.

మన పేటకు బోయిగూడ అన్న పేరు పల్లకీలు మోసిన బోయీల వల్ల వచ్చిందంటారు. పల్లకి మోసేవాళ్ళు నలుగురూ అడుగు కలుపుతారు. భుజం నొస్తే భుజం మారుస్తారు గానీ పల్లకి కింద పెట్టరు. బోయీలు పోయారు, ఇప్పుడు మన చుట్టూ టింబర్ డిపోలు, పొద్దున లేస్తే రంపం మిషన్ల చప్పుడు. డిపోలో ఏ మేస్త్రీనైనా అడుగు. లారీ దిగిన దుంగ దిగినరోజే తలుపు కాదు, ఆరాలి. పచ్చి కర్రతో తలుపు చేస్తే వానకి ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండకి ముడుచుకుని సందు పడుతుంది. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లలు మీరు. మీకు నిదానం గురించి నేను చెప్పాలా? చెప్పాలి. ఎందుకంటే చూస్తూ పెరిగారు గానీ ఆగి చూడలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం. మా ఆడపడుచుకి బాబు పుట్టాడు. అందరికంటే ముందు నేనే స్వెట్టర్ అల్లి పెట్టాలని నాకు ఆరాటం. జనరల్ బజార్ నుంచి లేత పసుపు ఊలు తెప్పించుకుని, రాత్రీ పగలూ కూర్చుని పది రోజుల్లో అల్లేశాను. ఒకటి సీదా, ఒకటి ఉల్టా, చేతులు మిషన్‌లా తిరిగాయి. ఎవర్నీ అడగలేదు, ఎక్కడా ఆగి కొలత చూసుకోలేదు. బాబుకి తొడగబోతే మెడ దగ్గర తల దూరలేదు. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దదని నాకు తెలియదు. బిడ్డ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

మా అత్తమ్మ ఒక్క మాట అనలేదు. సాయంత్రం వంట అయ్యాక నన్ను పిలిచి ఎదురుగా పీట మీద కూర్చోమంది. రెండు చేతులూ ముందుకు చాపమంది. స్వెట్టర్ మెడ దగ్గర ఆఖరి ముడి వెతికి విప్పి, దారం కొస పట్టుకుని లాగింది. వరస వెంట వరస, టకటకమని విడిపోతూ వచ్చింది. పది రోజుల పని అరగంటలో పోయింది. విడిపోయిన ఊలు ఉంగరాల జుట్టులా మెలికలు తిరిగి ఉంది. దాన్ని నా రెండు చేతులకూ చుట్టలాగా చుట్టింది, నాలుగుచోట్ల వదులుగా కట్టింది, గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీసి, పిండకుండా నీడలో దండెం మీద వేలాడదీసింది. అడుగున బరువుకి ఒక చిన్న చెంబు కట్టింది. తెల్లారేసరికి మెలికలన్నీ పోయి దారం తిన్నగా ఉంది. అప్పుడు అంది, "ఊలు ఎక్కడికీ పోలేదు కదమ్మా. ఈసారి ముందు తల కొలువు" అని. నూలుదారం తీసుకుని బాబు తల చుట్టూ పెట్టి కొలిచాం. నెల పట్టింది రెండోసారి అల్లడానికి. ఆ స్వెట్టర్ ఆ బాబు వేసుకున్నాడు, వాడి తర్వాత వాడి చెల్లెలు వేసుకుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, చేతిపనిలో తప్పు జరిగితే విప్పుకోవచ్చు. విప్పిన దారం మళ్ళీ దారమే. నువ్వు డబ్బు పోసి కొని, రెండు రోజులు మోగించి, మంచం కింద తోసేసిన గిటారు ఉందే, దాన్ని ఎలా విప్పుతావు? అది నిన్ను చూసినప్పుడల్లా "నీ వల్ల కాదు" అంటూ ఉంటుంది. పోయిన ఏడాది గిటారు, అంతకుముందు రంగుల పెట్టె. వస్తువు కొనగానే పని అయిపోయినట్టు మనసుకు తృప్తి కలుగుతుంది బిడ్డా, అదే మోసం. కొనడం నేర్చుకోవడం కాదు. అందుకే చెప్తున్నాను, ఒక్కటి పట్టుకో. చిన్నది పట్టుకో.

అల్లికే అయితే చొక్కా జోలికి పోకు. మఫ్లర్ అల్లు. ఎనిమిదో నంబరు సూదులు రెండు చాలు. నలభై కుట్లు ఎక్కించు. ఒకటి సీదా ఒకటి ఉల్టా, ఆ వరస అలాగే సాగనీ. ఉత్త సీదా వైపే కనబడేలా అల్లితే అంచులు చుట్టుకుపోతాయి, ఒకటి సీదా ఒకటి ఉల్టా అయితే రెండు వైపులా ఒకేలాగా చదునుగా ఉంటుంది. పొడవు నీ ఎత్తంత రావాలి. ఊలు సన్నం, లావును బట్టి దాదాపు నాలుగు వందల వరసలు పడుతుంది. భయపడకు. రోజుకు 14 వరసలు, అరగంట పని. నెల తిరిగేసరికి 420. లెక్క చూశావా? ధనుర్మాసం పట్టినరోజు మొదలుపెడితే సంక్రాంతి నాటికి మెడకు చుట్టుకోవచ్చు. ఒక్కరోజే కూర్చుని వంద వరసలు లాగేస్తానంటావు, నాకు తెలుసు. వద్దు. వంద లాగిన మర్నాడు మణికట్టు నొస్తుంది, మూడోరోజు మానేస్తావు. పద్నాలుగు అవ్వగానే సూదులు కింద పెట్టెయ్. ఇంకా అల్లాలని ఉన్నప్పుడే పెట్టెయ్. అప్పుడే రేపు మళ్ళీ తీయబుద్ధవుతుంది.

అల్లిక నీకు నచ్చకపోతే బలవంతం లేదు. ముగ్గు ఉంది. ఇది ఆడపిల్లల పని అని ఎవరైనా అంటే వినకు. చదరాల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు ఉంటే మగపిల్లాడైనా వేస్తాడు, లెక్కలు వచ్చినవాడు ఇంకా బాగా వేస్తాడు. సందు చుక్క ముగ్గు తీసుకో, 15 నుంచి 8 వరకు. మధ్య వరసలో 15 చుక్కలు, అటూ ఇటూ ఒక్కోటి తగ్గిస్తూ 8 దాకా. మొత్తం ఎన్ని చుక్కలో లెక్కపెట్టు చూద్దాం. 169. ఒక్క చుక్క తప్పు పెడితే మెలిక తిరిగే గీత ఇల్లు చేరదు, ఎక్కడో గాలిలో ఆగిపోతుంది. రబ్బరు తీసుకుని మళ్ళీ మొదటికి. వాకిట్లో ముగ్గులు వేసే మన ఆడవాళ్ళ బుర్రలో ఎంత లెక్క ఉందో చదువుకున్నవాళ్ళకి ఆలస్యంగా తెలిసింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే పండితులు 1974లోనే తమిళుల కోలాల మీద కంప్యూటర్ వ్యాకరణం రాశారు. మనం ముగ్గంటాం, వాళ్ళు కోలమంటారు, చుక్కా గీతా ఒకటే. రోజుకొకటి పుస్తకంలో వేసుకుంటూ పో. భోగినాడు పొద్దున అందులో నీకు బాగా నచ్చినది అపార్ట్‌మెంట్ గేటు ముందు పెట్టు. మీ అమ్మ ముఖం చూడాలి అప్పుడు.

మరో మాట. ఏది పట్టుకున్నా గదిలో తలుపేసుకుని చేయకు. హాల్లో కూర్చుని చెయ్యి. ఇది నేను మరీమరీ చెప్తున్నాను. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు తేలికపడుతుంది. ఎదురెదురు కూర్చుని "చెప్పు, ఏంటి సంగతి" అంటే మీ నాన్న ఏం చెప్తాడు? వార్తలు పెట్టుకుంటాడు. అదే నువ్వు ఊలు ఉండ చుట్టాలి, చేతులు చాపు నాన్నా అంటే, చాపి కూర్చుంటాడు. పది నిమిషాలు కదలడానికి లేదు. అప్పుడు చిన్నప్పటి సంగతులు అవే వస్తాయి. మా ఇంట్లో చాలా విషయాలు ఇలాగే తేలాయి బిడ్డా. మా ఆయన ఉద్యోగంలో పడ్డ కష్టం నాకు తెలిసింది ఊలు చుట్టేటప్పుడే. లేకపోతే ఆయన చెప్పే మనిషి కాదు.

సకినాలు చూడు. సంక్రాంతి ముందు మన తెలంగాణ ఇళ్ళలో అవి లేని ఇల్లుందా? అదీ ఇంట్లో కూర్చుని నేర్చుకునే విద్యే, ఎవరూ అలా అనుకోరు గానీ. బియ్యం నానబోసి, వార్చి, పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్ళతో కలుపుతారు. అక్కడ మొదలవుతుంది అసలు పని. నేల మీద పాత నూలుచీర పరుస్తారు. పిడికెడు పిండి చేతిలోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ మెలిపెడుతూ సన్నటి తాడులాగా బట్ట మీదికి దించాలి. ఒక చుట్టు, దాని పక్కనే రెండో చుట్టు, మూడో చుట్టు. పిండి గట్టిగా ఉంటే తాడు తెగుతుంది, జారుగా ఉంటే కూలబడుతుంది. ఎంత నీళ్ళు అని నన్నడిగితే నేను చెప్పలేను. నీ వేళ్ళే నీకు చెప్పాలి. నాకు అది వేళ్ళకు తెలియడానికి మూడు సంక్రాంతులు పట్టింది. కాస్త ఆరాక బట్ట మీంచి విరక్కుండా తీసి నూనెలో వేస్తారు. ఒక్కతి చేసే పని కాదది. పక్కింటి వదిన, ఎదురింటి పిన్ని, అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఈ ఏడు నువ్వూ వచ్చి కూర్చో. మొదటి పది వంకరగా వస్తాయి. రానీ. వంకరవైనా నూనెలో వేగుతాయి, నోట్లో కరకరలాడతాయి.

ఇంట్లో ముసలివాళ్ళుంటే ఆట మొదలుపెట్టు. అష్టాచెమ్మకి ఏం కావాలి? సుద్దముక్కతో నేల మీద అయిదు అడ్డం, అయిదు నిలువు, ఇరవై ఐదు గళ్ళు. గవ్వలు లేకపోతే చింతగింజలు రెండుగా చీల్చి, లోపలివైపు గచ్చు మీద అరగదియ్యి, ఒకవైపు నల్లగా ఒకవైపు తెల్లగా, పందెం వేయడానికి నాలుగు గింజలు సిద్ధం. వామనగుంటలు పీట ఇప్పటికీ ఎన్ని ఇళ్ళలో అటక మీద దుమ్ము పట్టి ఉందో. పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతగింజలు. పులిమేక ఉంది, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు గెలవాలంటే ఒక్కటే ఉపాయం, తొందరపడి ముందుకు పోకుండా గుంపుగా ఉండి దారులు మూయాలి. చిన్నపిల్లలకి ఇంతకంటే మంచి పాఠం నేనెక్కడా చూడలేదు.

చదరంగం అంటావా, అదీ మంచిదే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి ఇంట్లో తండ్రి అశోక్ గారే నేర్పారు. పదిహేనేళ్ళకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. బిడ్డ తల్లిగా, ఐదేళ్ళ తర్వాత, 2024 డిసెంబరులో మళ్ళీ అదే గెలిచింది. తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ బిడ్డా, నువ్వు మీ తమ్ముడికి ఎత్తులు నేర్పిన వారానికే వాణ్ణి పోటీలకు తీసుకెళ్ళకు. ఇంటి చదరంగం ఇంట్లో ఉండనీ కొన్నాళ్ళు. ఓడి అలిగి, అన్నం తిని, మళ్ళీ ఆడనీ. ప్రతి ఆటకీ కప్పు రావాలంటే ఆట మీద ప్రేమ చచ్చిపోతుంది. వాడికి ఆశ ఉంటే వాడే అడుగుతాడు.

పుస్తకాల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది నీకు తెలిసిందే. డిసెంబరులో కవాడిగూడ దాటితే ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండగ జరుగుతుంది. అటునుంచి రెండు సంచులు మోసుకొస్తావు. అందులో ఎన్ని చదివావు పోయినసారి? ఈసారి ఒక్కటే కొనుక్కో. అది అయ్యాక, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంకోటి. లేదంటే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, 1901లో పెట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడమే కష్టమైన రోజుల్లో, కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు లాంటి పెద్దలు కూడి నిలబెట్టిన గ్రంథాలయం అది. ఒకసారి వెళ్ళి ఆ బీరువాల ముందు నిలబడు. రోజుకు పది పేజీలు చదివినా నెలకు మూడు వందల పేజీల పుస్తకం అయిపోతుంది. పది పేజీలు. అంతే. పైగా ఆ పదీ గట్టిగా చదువు, మీ తాతయ్యకి ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు.

ఇక నీ రెండో ప్రశ్న. "నేర్చుకున్నాక అమ్ముకోవచ్చా నాయనమ్మా?" అన్నావు. ఇంకా సూది పట్టుకోనే లేదు, అప్పుడే అమ్మకమా? అయినా అడిగావు కాబట్టి చెప్తాను. పశ్చిమ గోదావరి జిల్లాలో నర్సాపురం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకి కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. అది ఇంటింటికీ పాకింది. అరుగుల మీద, వసారాల్లో కూర్చుని వాళ్ళు అల్లిన లేసు సముద్రాలు దాటింది. మారియా మీస్ అనే జర్మన్ ఆవిడ వచ్చి వాళ్ళ మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది, 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని. ఆమె చెప్పిందేమిటంటే, ఆ ఆడవాళ్ళు రోజూ గంటల కొద్దీ అల్లుతున్నా దాన్ని ఎవరూ పని అనలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే కాలక్షేపం అన్నారు. అలా అన్నందువల్లే చేతికొచ్చిన కూలి అంత తక్కువ.

అందుకని బాగా గుర్తుపెట్టుకో. ఇష్టం కోసం చేసుకుంటే అది నీ సాయంత్రం, దానికి ఎవరూ ధర కట్టనక్కర్లేదు. అమ్మకానికి చేస్తే అది పని, దానికి ఊలు ఖర్చూ, గంటల లెక్కా, కూలీ అన్నీ కట్టుకో, మొహమాటపడకు. రెండింటినీ కలపకు. "ఖాళీగా ఉన్నావు కదా, నాకొకటి అల్లిపెట్టు" అనేవాళ్ళు వస్తారు. మీ అత్తకి, చెల్లెలికి అల్లి ఇవ్వు, ప్రేమగా ఇవ్వు. కొట్టులో పెట్టి అమ్ముకునేవాడికి ప్రేమగా ఇవ్వకు.

జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తావు కదా. 1938లో మొదలైన ప్రదర్శన అది, మా పెళ్ళైన కొత్తలో మేమూ వెళ్ళేవాళ్ళం. కాశ్మీరు వాళ్ళ శాలువాల కొట్ల దగ్గర ఈసారి ఆగు. కొనమని కాదు. శాలువా అంచు తిప్పి వెనకవైపు చూడు. ముందువైపు పువ్వు అందరికీ కనిపిస్తుంది. దారం ఎక్కడ మొదలైంది, ఎక్కడ తిరిగింది, ఎక్కడ ముడి పడింది, అది వెనక కనిపిస్తుంది. నీ చేత్తో ఒక్క వరసైనా అల్లి ఉంటేనే ఆ వెనకవైపు నీకు అర్థమవుతుంది. బేరం కూడా వేరుగా ఆడతావు. వాళ్ళ వేళ్ళు గుర్తొస్తాయి.

కాస్త జాగ్రత్తలు. చలిగా ఉందని కిటికీలన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకు. ఆ పొగలో కంటికి కనపడని విషం ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్వెట్టర్ వేసుకో, కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కో, చాలు. దీపం వెనకనుంచి ఎడమ భుజం మీదుగా పడేలా కూర్చో, కుడిచేతి నీడ పని మీద పడదు. ఎడమచేతి వాటమైతే కుడివైపు నుంచి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి, మెడ తిప్పు. నా మెడ ఇవాళ ఇలా పట్టేసిందంటే నేను ఆ వయసులో లేవలేదు కాబట్టే. చేసినదాన్ని మొదటిరోజే ఫోటో తీసి అందరికీ పంపకు. పది వరసల మఫ్లర్‌కి వంద మంది శభాష్ అంటే పదకొండో వరస అల్లాలనిపించదు. అయ్యాక పంపు. అయ్యాక నాకే పంపు ముందు.

ఒకరోజు తప్పిపోతుంది. జ్వరం వస్తుంది, ఆఫీసులో ఆలస్యమవుతుంది, ఎవరిదో పెళ్ళి ఉంటుంది. తప్పిపోతే పోనీ. "అయ్యో, వరస తెగింది, ఇంక నా వల్ల కాదు" అనుకోకు. మర్నాడు రెండింతలు చేసి తీర్చుకుందామనీ అనుకోకు. మళ్ళీ ఆ పద్నాలుగు వరసలే. సూది ఎక్కడ ఆపావో అక్కడే ఉంటుంది. అది అలగదు.

నువ్వు డబ్బు కట్టిన ఆ రెండూ వస్తే రానీ. గిటారు పక్కన పెట్టకు వాటిని, ఒకటి మీ పక్క పోర్షన్‌లో ఉన్న పిల్లలకి ఇచ్చెయ్. రెండోది నువ్వు ఉంచుకో. ఏది ఉంచుకోవాలో ఈ రాత్రి పడుకునేముందు ఆలోచించు, రేపు పొద్దున చెప్పు.

అల్లికే ఉంచుకుంటానంటే మాత్రం, సూదులు కొనకు. మా అత్తమ్మవి నా దగ్గరున్నాయి, ఎనిమిదో నంబరువే, కొనలు కాస్త అరిగాయి గానీ కొత్తవాళ్ళ చేతికి అవే మంచివి, గుచ్చుకోవు. ధనుర్మాసం పట్టిన సాయంత్రం ఆరింటికి రా, మొదటి నలభై కుట్లు నేనే ఎక్కించి ఇస్తాను. ఊలు మాత్రం నువ్వు తెచ్చుకో. నల్లది వద్దు, దీపం కింద కుట్లు కనపడవు. లేత రంగు తెచ్చుకో.